యంత్రానికి అందని ఊపిరి

“కదలకుండా ఉంటే చాలు మేడమ్, మిగతాదంతా మెషిన్ చూసుకుంటుంది” అని చెప్పి టెక్నీషియన్ బరువైన తలుపు లాక్కుని వెళ్ళిందో లేదో, ముక్కు కొస మీద దురద మొదలైంది. అలాంటిలాంటి దురద కాదు. పొద్దుటి నుంచీ ఎక్కడో మాటు వేసి, ఆమెను బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద పళ్ళెమంత పరికరం పెట్టి బిగించాక, ఇక గోక్కోలేదని ఖాయం చేసుకుని మరీ వచ్చి కూర్చున్న దురద. ఆమెకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఏళ్ళ తరబడి రోజూ తెల్లవారకముందే కాళ్ళు మడిచి కూర్చుని దురదలతో, తిమ్మిర్లతో, నడుం నొప్పితో కాపురం చేసిన మనిషినా బెదిరిస్తావు, పిచ్చిదానా, ఉండు, ఉన్నంతసేపు ఉండు, నీ దారిన నువ్వే పోతావు. బల్ల నెమ్మదిగా జారి ఆమెను గొట్టంలోకి తీసుకుపోయింది. మొహానికి జానెడు దూరంలో తెల్లటి కప్పు, ఎక్కడి నుంచో చల్లగాలి, చెవులకు హెడ్‌ఫోన్లు, ఎడమ చేతి నరంలో గుచ్చి ఉంచిన సూది, కుడి గుప్పిట్లో భయమేస్తే నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతి, పొట్ట చుట్టూ ఊపిరిని కనిపెట్టే పట్టీ. భయమేస్తే నొక్కమన్నారు గానీ తనకు భయమెందుకు? భయమనేది వస్తుంది, పోతుంది, దాన్ని చూస్తూ కూర్చోవడమే కదా ఇన్నాళ్ళూ నేర్చుకున్నది, అనుకుని ఆమె బంతిని వదులుగా పట్టుకుంది. దురద నిజంగానే పోయింది.

పైన, ఇదే ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద తమ్ముడున్నాడు. కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలైపోయి, అయినా నోరు మాత్రం తగ్గకుండా. తాగుడు లేదు, తిరుగుడు లేదు, ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ ఏదో చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని తినేసిందట. ఇంట్లో అందరి రక్తమూ చూశారు. మరదలిది కలవలేదు, పిన్ని కొడుకులవి కలవలేదు, ఈ అక్కది కలిసింది. కుడివైపు భాగం కోసి తమ్ముడికి పెడతారు, మిగిలింది ఆమెలో మళ్ళీ పెరుగుతుంది, జుట్టు పెరిగినట్టు. పెద్ద సర్జన్ ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడంటే, వెళ్ళేటప్పుడు కాస్త గోళ్ళు కూడా తీయించుకోవచ్చేమో అనిపించింది. ఇక మిగిలింది ఈ ఒక్క స్కాన్. లోపల పైత్యరసం పారే సన్న గొట్టాలూ రక్తనాళాలూ ఏ చోట చీలాయో చూడాలి. చీలిక సరైన చోట ఉంటే కోత, లేకపోతే లేదు. “ముందు తీసేవి ఎన్నిసార్లైనా తీసుకోవచ్చు మేడమ్” అని జలుబు చేసిన గొంతుతో టెక్నీషియన్ ముందే చెప్పింది, “చివర్లో సూదిలోంచి మందు ఎక్కిస్తాం చూడండి, అది ఒక్కటే ఛాన్సు. మందు లోపల పరిగెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి బొమ్మలా ఉండాలి. అప్పుడు కదిలారా, ఇవాళ్టికి అంతే. మళ్ళీ ఎక్కించాలంటే కొన్నాళ్ళు ఆగాలి.” కొన్నాళ్ళు ఆగే శక్తి తమ్ముడి ఒంట్లో లేదని సర్జన్ నిన్ననే మరదలిని పక్కకు పిలిచి చెప్పాడు, మరదలు వచ్చి ఈమె భుజం మీద తల పెట్టి, వదినా, మీరు కదలరుగా, అని అడిగింది, పిచ్చి పిల్ల, కదలకుండా కూర్చోవడంలో నన్ను మించినవాళ్ళు ఎవరున్నారే, అని తనే ధైర్యం చెప్పింది.

మోత మొదలైంది. ముందు ఎవరో పక్కింటి గోడకు మేకులు దిగ్గొడుతున్నట్టు టకటకటక, అంతలో ఆగి, పెద్ద లారీ వెనక్కి వస్తున్నట్టు బీం బీం బీం, మళ్ళీ ఏదో గొణుగుడు. చాలామంది హడలిపోతారట, మధ్యలో బంతి నొక్కి బయటికి వచ్చేస్తారట. ఆమె మాత్రం, ఆహా, బంగారం లాంటి గంట దొరికింది, ఫోన్ లేదు, పిలిచేవాళ్ళు లేరు, కదలొద్దని పైనుంచి ఆజ్ఞ కూడానూ, ధ్యానానికి ఇంతకంటే ఏం కావాలి, అని సంబరపడి ఊపిరి మీద మనసు పెట్టింది. లోపలికి వస్తోంది, వస్తోంది. బయటికి పోతోంది, పోతోంది. మోత మోతలా ఉంది, ఊపిరి ఊపిరిలా ఉంది, ఒకదాని జోలికి ఒకటి పోవడం లేదు. కాసేపటికి ఊపిరి సన్నబడింది. దారమంత అయింది, దారంలో పోగంత అయింది, ముక్కు దగ్గర తగులుతోందా లేదా అని వెతుక్కోవాల్సినంత అయింది. ఒళ్ళు ఎక్కడో పక్కగదిలో పడుకున్నట్టుంది. ఎంత హాయి, ఈ చోటుకు రావడానికే కదా సెలవులు కూడబెట్టుకుని వెళ్ళి వారాల తరబడి మౌనంగా కూర్చుని వచ్చేది, ఇవాళ చూడు, అడక్కుండానే వచ్చింది. మోత కూడా ఆగిపోయింది, మోత కూడా వినబడనంత లోతుకు దిగాను కాబోలు, అని మురిసిపోతున్నంతలో చెవిలో జలుబు గొంతు ఖంగుమంది.

“మేడమ్! మేడమ్, వినబడుతోందా? ఊపిరి తీసుకుంటున్నారా?”

“తీసుకుంటున్నానండీ.”

“మెషిన్‌కి అందట్లేదు మేడమ్. మీ ఊపిరిని బట్టే అది ఫోటో తీస్తుంది. మీరు తీసుకోకపోయేసరికి అది కూడా ఆగి కూర్చుంది. ఇక్కడ నా గుండె జారిపోయింది. మామూలుగా పీల్చండి, అందరిలాగా.”

అందరిలాగా! అయితే మోత ఆగింది తను లోతుకు దిగినందుకు కాదన్నమాట, ఎదురుచూసి ఎదురుచూసి మెషినే చతికిలబడిందన్నమాట. నవ్వు తన్నుకొచ్చి పొట్ట మీద పరికరం ఎగిరెగిరి పడింది, “నవ్వకండి మేడమ్” అని చెవిలో ఇంకో కేక. సరే, అందరిలాగా. ఒకటి పీల్చు, వదులు, ఇంకొకటి పీల్చు, వదులు, కొత్తగా నడక నేర్చుకున్నట్టుంది, చూడకుండా ఊపిరి తీసుకోవడం ఎలాగో మర్చిపోయింది తను. అమ్మగారికి ఈ సంగతి చెబితే ఎంత నవ్వుతుందో. అమ్మగారంటే ధ్యానం నేర్పిన భిక్షుణి, నున్నటి గుండు, రెండు పళ్ళ మధ్య సందు, నవ్వితే కాషాయం చెంగు నోటికి అడ్డం పెట్టుకునే ముసలావిడ. హార్డ్‌వేర్ షాపు పైన అద్దె గదిలో నేర్పుతుంది, కింద ఇనుప రేకులు దింపుతుంటే పైన వీళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. ఎవరు వెళ్ళి ఏ గొప్ప చెప్పినా ఆవిడది ఒకటే ప్రశ్న. వెలుగు కనబడిందమ్మా. కనబడిందా, బాగుంది, ఊపిరి ఎక్కడుంది? ఒళ్ళు లేనట్టయిపోయిందమ్మా. అయ్యో, మంచిది, ఊపిరి ఎక్కడుంది? రిటైరైన పోస్ట్‌మాస్టరు ఒకాయన ఉన్నాడు, ముందు వరసలో కూర్చుంటాడు, కూర్చున్న కాసేపటికే ఆయనకు ఒళ్ళు పులకరించి కళ్ళ వెంట ధారలు కడతాయి, కుండెడు గోరువెచ్చటి నీళ్ళు నెత్తిన దిమ్మరించినట్టు ఉంటుందట, దాన్నే ప్రీతి అంటారట, మనసు నిలకడగా నిలిచినప్పుడు తనంతట తాను పొంగుకొచ్చే ఆనందం. దాని తర్వాత నెమ్మది, నెమ్మది తర్వాత సమత, అంటే పొంగూ లేదు కుంగూ లేదు, వచ్చినదాన్ని వచ్చినట్టు చూడటం. పోస్ట్‌మాస్టరుకు ప్రీతి అలా వచ్చి పడుతుంటే వెనక వరసలో ఆమె ఒంటికన్ను తెరిచి చూసి కుళ్ళుకునేది. తనకు ఇన్నేళ్ళలో ఒక్క రోమం నిక్కబొడుచుకున్న పాపాన పోలేదు. పోనీలే, తను ఏకంగా సమతకే వెళ్ళిపోయిందేమో, మధ్యలో స్టాపుల్లో ఆగకుండా, అని సర్ది చెప్పుకుంది.

ఆ మాట అమ్మగారితో అనేసింది కూడా ఒకసారి. ఆవిడ చెంగు అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయి నవ్వింది. “నువ్వు పిల్లలకు ఈత నేర్పుతావు కదూ? నీళ్ళలోకి దిగనివాడు మునగలేదంటే మెచ్చుకుంటావా?” అంది. అప్పుడు మొహం ముడుచుకుంది గానీ, ఈత సంగతి తన దగ్గరా చెప్పేది? కొలనంటే తనకు వంటిల్లు కదా. నీలం పలకలు, మందు నీళ్ళ వాసన, మెడలో ఈల, చలికి దవడలు కొట్టుకుంటున్న పిల్లలు మెట్ల మీద వరసగా. తేలడం నేర్పేటప్పుడు వీపు కింద అరచెయ్యి పెట్టి పట్టుకుంటుంది, మెడ వదిలెయ్, పొట్ట పైకి, చెవులు మునగనీ, ఏం కాదు, నేనున్నా. ఒక క్షణంలో వీపు బరువు అరచేతిలోంచి పోతుంది, నీళ్ళు మోయడం మొదలుపెడతాయి, ఆమె చెయ్యి తీసేస్తుంది. అదిగో అప్పుడు, ప్రతి ఒక్కళ్ళూ, చిన్నా పెద్దా, మీసాలున్నవాళ్ళు కూడా, ఒకే తప్పు చేస్తారు. తేలుతున్నా, మేడమ్, తేలుతున్నా! అని అరిచి, చూసుకోవడానికి తల ఎత్తుతారు. బుడుంగున మునుగుతారు. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూ లేచినా మొహం మాత్రం వెలిగిపోతుంటుంది. ఆ అరుపు అరిచినందుకు ఆమె ఎవర్నీ ఎప్పుడూ తిట్టలేదు. అరవనివాడు, బిగుసుకుని గట్టు పట్టుకుని వేలాడేవాడు, వాడితోనే తంటా. తమ్ముడు అలాంటివాడే, చిన్నప్పుడు మోకాళ్ళ లోతు దాటి రానంటే రాననేవాడు, తన తువ్వాలు పట్టుకుని మెట్ల మీద కూర్చుని, అక్కా, నీకు భయమెయ్యదా, అని అడిగేవాడు. వెయ్యదురా, అనేది. పచ్చి అబద్ధం. లోతు వైపు దూకిన ప్రతిసారీ కాళ్ళు వణికేవి.

ఆ అబద్ధాన్నే పట్టుకుని వేలాడిందేమో తను. నాన్న పోయినప్పుడు ఇల్లంతా గొల్లుమంటుంటే ఆమె నిటారుగా కూర్చుంది. తమ్ముడు నేల మీద పడి దొర్లుతుంటే వీపు మీద చెయ్యి వేసి, పుట్టిందల్లా పోయేదేరా, అంది. ఎంత శాంతంగా అందో, తన గొంతు తనకే ముచ్చటేసింది. తమ్ముడు ఆ చెయ్యి విదిల్చికొట్టి, “అక్కా, నువ్వు మనిషివేనా?” అన్నాడు. మర్నాడు కొలనులో, పిల్లలు రాకముందు, ఒక్కతే మునిగి అడుగున పలకల వెంట ఈదుతుంటే ఈత కళ్ళద్దాల లోపల వెచ్చటి నీళ్ళు నిండి కనబడటం మానేసింది. ఎవరు చూశారు గనక. ఆ రోజు నుంచి తమ్ముడికి ఆమె అక్క కాదు, రాయి. రాయి వచ్చిందా, రాయి తిన్నదా, రాయిని అడిగి చెప్పు. జబ్బుపడ్డాకా అంతే. మీ అక్కది కలిసిందని చెబితే గోడ వైపు తిరిగిపోయాడు. “దానికి నేను కాదు కావలసింది, పుణ్యం కావాలి. ఒకరికి ఏదో ఒకటి ఇచ్చి పొంగిపోవాలి. రాతి ముక్క నాకెందుకు?” అన్నాడు. డాక్టర్లు ఆమె ఒంటికి పరీక్షలు చేస్తున్నంతసేపూ, సరే అక్కా తీసుకుంటాను, అన్న మాట వాడి నోటి వెంట రాలేదు. నర్సుల ముందు తల ఊపుతాడు, మరదలి ముందు ఊపుతాడు, ఈమె గదిలోకి వస్తే కళ్ళు మూసుకుంటాడు. ఆమెకు అప్పుడు కూడా కోపం రాలేదు. రాలేదనే అనుకుంది.

“బాగా వస్తున్నాయి మేడమ్, ఇలాగే ఉండండి. ఇది పెద్దది, దీని తర్వాత మందు ఎక్కించేదే.”

మేకులు కొట్టేవాడు మళ్ళీ పనిలో దిగాడు. బాగా వస్తున్నాయట. అంటే గొట్టాలు సరైన చోటే చీలాయేమో, అంటే కోత ఖాయమేమో, రొమ్ముల కింద నుంచి కుడి పక్క చివరి దాకా, ఎల్ ఆకారంలో, సర్జన్ పెన్ను మూతతో గాలిలో గీసి చూపించాడు. ఆ గీత ఇప్పుడు పొట్ట మీద చల్లగా పాకింది. సరిగ్గా అప్పుడు, టకటకల మధ్య, ఎవరో చెవి దగ్గర చెప్పినంత స్పష్టంగా ఒక మాట వినిపించింది. కుదరకపోతే బాగుండు. ఆమె ఉలిక్కిపడింది. ఎవరు? ఎవరో ఏమిటి, తనే. గొట్టాలు వంకరగా ఉంటే బాగుండు, అయ్యో నా చేతిలో ఏముంది, నేను ఇస్తాననే అన్నాను, డాక్టర్లే వద్దన్నారు, అని తలొంచుకుని ఇంటికి పోవచ్చు, మళ్ళీ పొద్దున్నే ఈల వేసుకోవచ్చు, కోత లేదు, మత్తు లేదు, మత్తులోంచి లేవకపోవడం లేదు. పరీక్షలు మొదలైన రోజు నుంచీ ఈ మాట లోపల కూర్చునే ఉంది, ఆమె ప్రతి ఉదయమూ దాని పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుని, అంతా ప్రశాంతంగా ఉంది, అనుకుంటోంది. భయం. ఇంత భయం ఎక్కడ పెట్టుకుంది ఇన్నాళ్ళూ? తమ్ముడి మీద కోపం కూడా ఉంది, రాయి అంటాడా, వెధవ, రాయి అయితే ఇక్కడెందుకు పడుకుంటుంది? వాడు పోతాడేమోనని దిగులు ఉంది, నాన్న కోసం ఏడవని ఏడుపు ఉంది. ఒకదాని వెనక ఒకటి, సినిమా వదిలినట్టు వస్తూనే ఉన్నాయి. చిత్రం ఏమిటంటే, ఒక్కదాన్ని కూడా తోసెయ్యాలనిపించలేదు. రండి, అంది. మీరేనా, ఇంతకాలం గుమ్మం బయట నిలబడ్డది, రండి, రండి.

అంతే. అరికాళ్ళలో ఏదో జిల్లుమంది. జిల్లుమన్నది పిక్కల మీదుగా, తొడల మీదుగా, వెన్ను మీద ఒక్కొక్క పూసనూ మీటుకుంటూ పైకి పాకి, మెడ వెనక రోమాలన్నిటినీ ఒక్కసారిగా లేపి నిలబెట్టింది. ఏమిటిది? ఇంకొక అల. ఇంకొకటి, ఈసారి పెద్దది, గుండెలో మొదలై వేళ్ళ చివరల దాకా. ఒళ్ళు ఝల్లుమంది, బల్ల మీద నుంచి వీపు లేచిపోతోందా ఏమిటి, లేదు, బల్ల మీదే ఉంది, కానీ బరువు లేదు, ఎముకలు ఎటు పోయాయి, చర్మం లోపలంతా వెచ్చటి వెలుగు పోసినట్టుంది. నోరు తనంతట తానే చెవుల దాకా సాగింది. కళ్ళ పక్కల నుంచి నీళ్ళు కారి హెడ్‌ఫోన్లలోకి పోతున్నాయి. ఓరి భగవంతుడా, ఇదే, ఇదే, పోస్ట్‌మాస్టరు కుండ ఇదే! కుండేమిటి, ఆయన తక్కువ చెప్పాడు, చెరువు కట్ట తెగింది ఇక్కడ! ఇన్నేళ్ళు చలిలో, వానలో, జ్వరంలో, చాప మీద మోకాళ్ళు అరగదీసుకుంటూ రమ్మని పిలిస్తే రానిది, మర్యాదకైనా ఒకసారి తొంగిచూడనిది, ఇప్పుడు, ఈ గొట్టంలో, ఈ మేకుల మోతలో, వెనక ముడులేసిన ఆసుపత్రి చొక్కాలో ఉండగా వచ్చి మీద పడింది. దేనికో ఏమిటో తెలియదు, ఏ మంచీ జరగలేదు, భయం అలాగే ఉంది, భయం కూడా మెరుస్తోంది! తమ్ముడూ, ఒరేయ్, ఇక్కడికి రారా, ఒక్కసారి చూడరా, ఎంత బాగుందో! గడ్డం వణికింది, భుజాలు వణికాయి, పొట్ట మీద పరికరం పడవలా ఊగింది.

“మేడమ్ కదులుతున్నారు! మేడమ్! ఏమైంది, చలేస్తోందా? నొప్పా?”

“లేదండీ... బాగుంది... చాలా బాగుంది.”

స్కాన్ గొట్టంలో పడుకుని చాలా బాగుందన్న మనిషిని ఆవిడ తన ఉద్యోగంలో ఎప్పుడూ చూసి ఉండదు. “బాగుంటే బాగుందిగానీ మేడమ్, ఫోటోలన్నీ అలికినట్టు వచ్చాయి. ఇది మళ్ళీ తీస్తాను. దీని తర్వాత మందు. అప్పుడు మాత్రం ఇలా చేస్తే నేనేమీ చేయలేను. డాక్టరుగారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు.”

ఒళ్ళు చల్లబడింది అనుకుంటే పొరపాటు. చల్లబడలేదు. ఆగు, ఆగు, అంటోంది ఆమె, అలలు ఆగడం లేదు. ఇన్నేళ్ళు రా రా అంటే రాలేదు, ఇప్పుడు పో పో అంటే పోదు, ఎంత పెంకిది! పళ్ళు బిగబట్టింది, గడ్డం ఇంకా వణికింది. పిరుదులు బిగించింది, వణుకు భుజాల్లోకి పాకింది. నొక్కినకొద్దీ ఎక్కడో ఒకచోట తన్నుకొస్తోంది. మరదలి మొహం కళ్ళ ముందు కదిలింది, వదినా, మీరు కదలరుగా. కదలకుండా కూర్చోవడంలో నన్ను మించినవాళ్ళు ఎవరున్నారే! దేవుడా, కదలికలన్నీ దాచిపెట్టి ఇవాళే బయటికి తీయాలా? తన ఆనందం వల్ల తమ్ముడు చచ్చిపోతాడు, ఎక్కడైనా ఉందా ఇలాంటి చోద్యం, ఎవరికి చెప్పుకోవాలి? పోనీ ఈ పొంగును వదులుకోనా అంటే, అబ్బ, దాన్ని వదలడానికీ మనసు రావడం లేదు, ఒక్క నిమిషం, ఇంకొక్క అల, మళ్ళీ ఎప్పుడొస్తుందో, ఈ జన్మలో వస్తుందో రాదో. అదిగో, తల ఎత్తుతోంది. తేలుతున్నా మేడమ్, తేలుతున్నా. ఆ మాట తట్టగానే ఆమెకు ఒక్కసారిగా తెలిసింది. మునగడానికి కారణం ఆ సంతోషం కాదు. తల ఎత్తి చూసుకోవడం. సంతోషం పాపం ఏం చేసింది?

“రెండోసారికి ఎలాగో పనికొచ్చాయి మేడమ్, ఇక మందు మొదలుపెడుతున్నాం. చెయ్యి చల్లగా అనిపిస్తుంది, కంగారు పడకండి.”

మోచేతి మడతలో చల్లదనం దిగి భుజం దాకా పాకింది. “ఊపిరి పీల్చండి.” పీల్చింది. “వదలండి.” వదిలింది. “అలాగే ఆపండి, ఇక పీల్చకండి.” ఆగింది. మోత విరుచుకుపడింది. ఊపిరి ఎక్కడుంది, అని అలవాటు కొద్దీ అమ్మగారి ప్రశ్న పైకి లేచింది. ఎక్కడుంది? లేదు. ముక్కు దగ్గర లేదు, పొట్టలో లేదు, ఇన్నేళ్ళు ఏ కొయ్యకు మనసును కట్టేసుకుందో ఆ కొయ్యే లేదు. పట్టుకోవడానికి ఏమీ లేదు. సరే, లేదు. ఆమె పట్టుకోవడం మానేసింది. అలలు వస్తున్నాయి, రానీ. వాటిని ఇంకాస్త ఉండమనలేదు, పొమ్మనీ అనలేదు. ఒకటి వచ్చింది, పాకింది, తీరం చేరి సద్దుమణిగింది. ఇంకొకటి వచ్చింది, ముందుదానికంటే చిన్నది. భయం వచ్చింది, దాని చోటులో అది కూర్చుంది. కుదరకపోతే బాగుండు, అంది ఒక గొంతు, ఉండు, నువ్వూ ఉండు. వాడు బతకాలి, నా తమ్ముడు బతకాలి, అంది ఇంకొకటి, కాగుతున్నంత వేడిగా, కళ్ళు మండేంత ప్రేమగా. అది కూడా ఆమెను కదిలించలేదు. కుదిరితే కోత, కుదరకపోతే ఏడుపు, రెండిటికీ లోపల చోటుంది, ఎంత చోటని, ఇంత మనిషి లోపల ఇంత చోటు ఉంటుందని ఎవరైనా చెప్పారా? చల్లగా లేదది. మొద్దుబారి లేదు. నాన్న పోయిన రోజున తాను శాంతం అనుకున్నది దీనికి దరిదాపుల్లో కూడా లేదు. అన్నీ ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి, ఏదీ ఆమెను తోయడం లేదు. గడ్డం ఎప్పుడు ఆగిందో తెలియదు. ఊపిరి కోసం ఛాతీ కొట్టుకోవడం మొదలైంది, అదీ సరే, కొట్టుకోనీ, చచ్చేలోపు ఆవిడే చెబుతుంది.

“ఊపిరి తీసుకోండి మేడమ్!”

తీసుకుంది. అబ్బ. కొలను అడుగు నుంచి పైకి వచ్చినప్పటి ఊపిరి. మళ్ళీ ఆపమన్నారు, మళ్ళీ తీసుకోమన్నారు, ఇంకోసారి ఆపమన్నారు, ఆమెకు ఆ ఊపిర్లన్నీ ఒకదాన్ని మించి ఒకటి తియ్యగా ఉన్నాయి. మోత ఆగింది. అవతల కుర్చీలు జరిగిన చప్పుడు, ఎవరో మగగొంతుతో ఏదో అనడం, టెక్నీషియన్ ముక్కు చీదుకోవడం, తర్వాత, “మేడమ్, అద్దంలా వచ్చాయి. అద్దంలా! డాక్టరుగారు చూశారు. గొట్టాలు బ్రహ్మాండంగా ఉన్నాయట, సర్జన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నారు. కుదురుతుందట మేడమ్.” బల్ల వెనక్కి జారింది, దీపాలు మొహం మీద పడ్డాయి, టెక్నీషియన్ వచ్చి పట్టీ విప్పుతూ ఆమె తడి చెంపలు చూసి ఏమనాలో తోచక దూది ముక్క ఇచ్చింది. లేచి నిలబడితే గడ్డం మళ్ళీ వణికింది. వణకనీ, ఇప్పుడు ఎవరి ఫోటోలు చెడిపోతాయని! ఒళ్ళంతా ఇంకా గలగలలాడుతోంది, చెప్పులు ఎక్కడ విడిచిందో గుర్తు రాక ఉత్తి కాళ్ళతోనే తలుపు తోసింది.

బయట వరండాలో చక్రాల కుర్చీలో తమ్ముడు. పైనే ఉండమంటే వినకుండా మరదలిని పోరి పోరి దింపించుకున్నాడట, దుప్పటి చంకల దాకా కప్పుకుని, పచ్చటి కళ్ళతో తలుపునే చూస్తున్నాడు. ఆమె రాగానే చూపు తిప్పుకున్నాడు.

“ఏమన్నారు వదినా?” అంది మరదలు.

“కుదురుతుందట.”

మరదలు రెండు చేతులతో మొహం కప్పుకుని గోడకు ఆనుకుంది. తమ్ముడు మాత్రం కదల్లేదు. దుప్పటి అంచు నలుపుతూ, “నీకేంలే, నీకు భయమూ ఉండదు, బాధా ఉండదు” అన్నాడు.

అవున్రా, ఏం లేదు, అన్న జవాబు ఆమె నాలుక మీద తయారుగా ఉంది. ఏళ్ళుగా అరిగిన జవాబు. ఆమె కుర్చీ ముందు నేల మీదే కూలబడింది.

“ఉందిరా” అంది. “చచ్చేంత భయంగా ఉంది. ఇందాక లోపల, కుదరకపోతే బాగుండు అని కూడా అనుకున్నాను.”

మరదలు మొహం మీద నుంచి చేతులు తీసేసి నోరు వెళ్ళబెట్టింది. తమ్ముడు చాలా కాలం తర్వాత అక్క మొహంలోకి సూటిగా చూశాడు, ఉబ్బిన కళ్ళు, ఎర్రటి ముక్కు, ఇంకా అదురుతున్న గడ్డం, అన్నీ చూశాడు.

“నిజంగా?”

“ఒట్టు.”

“మరి?”

“మరేముంది. ఇస్తాను. భయపడుతూనే ఇస్తాను. నాకు ఇవ్వాలని ఉందిరా.”

తమ్ముడి పెదవులు వంకర తిరిగాయి, ఏడుస్తాడనుకుంటే నవ్వాడు, పొట్ట నొప్పి పుట్టి చేత్తో పట్టుకుని మరీ నవ్వాడు. “ఇన్నాళ్ళకు దొరికావే అక్కా” అన్నాడు. తర్వాత దుప్పటితో కళ్ళు తుడుచుకుని, ఆమె దగ్గరున్న తినేదేదో తనకు పెట్టమన్న పిల్లాడిలా చెయ్యి చాపి, “అయితే తీసుకుంటాను, ఇవ్వు” అన్నాడు.